అమ్మ నెయ్యి రెండు స్పూన్లు

బయట షామియానా కింద మొదటి పాట అయిపోయి రెండోది ఎత్తుకున్నారు. సుశీల ఇంకా చీర మార్చుకోలేదు. తెల్లచీర మడత విప్పకుండా మంచం మీదే ఉంది, తలుపుకి గడియ పెట్టి ఉంది, మంచం అంచున కూర్చున్న ఆవిడ ఒళ్ళో కూతురి ఫోను ఉంది. ఏడాది కూడిక. శాంతి పోయి ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. పదకొండింటికి మొదలుపెట్టి పన్నెండుకల్లా ముగించేద్దాం అమ్మగారూ, వానాకాలం, మళ్ళీ ఎప్పుడు దంచుతుందో తెలీదు, మీరు మాత్రం తల్లిగా రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి అని పాస్టరు గారు నిన్ననే చెప్పి వెళ్ళారు. రెండు మాటలట. రెండు మాటలే అయితే ఇన్నాళ్ళూ గొంతులో ఎందుకు పెట్టుకుంటుంది, ఎప్పుడో ఎవరి దగ్గరో అనేసి ఊరుకోదూ? మైకు మధ్యమధ్యలో కూ అంటోంది. వంటవాళ్ళు వెనక సందులో టార్పాలిను కట్టుకుని డేగిసాల్లో బిర్యానీ దమ్ముకి పెట్టారు. గోదాట్లో ఎర్రనీరొచ్చి పది రోజులైంది, ఫరంపేటంతా బురద వాసన, ఇవాళ మాత్రం ఆ బురద వాసన మీద లవంగాల వాసన. కిటికీ రెక్కల్లోంచి వచ్చి గదిలో తిష్ఠ వేసింది. సుశీల నోట్లో నీరూరింది. ఊరగానే సిగ్గేసింది. ఛీ, ఏం నోరిది, కన్నకూతురి ఏడాదినాడు కూడా ఊరుతుంది అనుకుని, నోరు గట్టిగా మూసుకుని ఫోను వైపు చూసింది.

ఫోనులో శాంతి రాసుకున్న తిండి డైరీ తెరిచి, తారీఖు వెనక్కి జరిపి పెట్టి ఉంది. పోయిన ఏడాది, ఇదే రోజు. పొద్దున్న టీ, పంచదార లేకుండా, అర గ్లాసు. ఆ టీ సుశీల ఇవాళ పొద్దున్న తాగేసింది, సరిగ్గా అర గ్లాసు, గీత వరకూ. మధ్యాహ్నానికి మాత్రం ఏం చెయ్యాలో తెలియడంలేదు. మధ్యాహ్నం కింద శాంతి ముందే రాసి పెట్టుకుంది, అన్నం ఇన్ని గ్రాములు, అమ్మ పప్పు ఇన్ని, చివర అమ్మ నెయ్యి రెండు స్పూన్లు. రాసుకుంది గానీ తినలేదు. పదకొండూ నలభైకి బస్టాపు దగ్గర పడిపోయింది. ఇప్పుడా అన్నం తిన్నట్టా, తిననట్టా? తల్లి తినొచ్చా, కూడదా? ఇదీ పదకొండు దాటినప్పట్నుంచి సుశీల తేల్చుకోలేకపోతున్న సంగతి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఎనిమిది నెలల నుంచి ఆవిడ కూతురి డైరీ ప్రకారమే తింటోంది, ఏ తారీఖున శాంతి ఏం తిందో ఆ తారీఖున అదే, అంతే, కాటా మీద పెట్టి మరీ. డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు హాయిగానే ఉండేది, ఇడ్లీలు నాలుగు, చేపల పులుసు, నాన్న తెచ్చిన కాజా ఒకటి. కాజా పక్కన ఏడుపు బొమ్మ కూడా పెట్టుకుంది పిల్ల. తర్వాత నెలలు గడిచినకొద్దీ పేజీలో వరసలు తగ్గుతూ వచ్చాయి. ఇవాళ్టిది ఆఖరి పేజీ. వేలితో పక్కకి జరిపితే రేపటిది వస్తుంది, దాన్లో ఏమీ లేదు, తెల్లగా ఉంది.

ఎక్కడ మొదలైంది ఇదంతా? వెనక్కి వెనక్కి వెళితే ఒక కాగితం దగ్గర ఆగుతుంది. శాంతి కాకినాడలో ఒక ఫైనాన్సు ఆఫీసులో పనిచేసేది, రోజూ బస్సు మీద వెళ్ళి రావడం. ఒకరోజు ఆఫీసులో ఆరోగ్య శిబిరం పెట్టారట, ఒక మిషను ఎక్కించి రెండు చేతులతో రెండు పిడులు పట్టుకోమన్నారట, అది ఒంట్లో ఉన్నదంతా విడదీసి కాగితం మీద కొట్టి ఇచ్చింది. నీరెంత, ఎముకెంత, కండెంత, కొవ్వెంత. అట్టడుగున శరీరం వయసు ముప్ఫై ఏడు అని ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల! ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా, అమ్మా, నాకు ముప్ఫై ఏడేళ్ళంట చూడవే, అని పగలబడి నవ్వింది. ఓసి నీ దుంపతెగ, అయితే నాకెన్నేళ్ళే, నాకు తొంభయ్యా, అని సుశీలా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ వంటింటి గుమ్మం దగ్గర అలాగే వినపడుతుంది, రోజుకో పది సార్లు. వారం తిరక్కుండా కొరియరులో రెండు కాటాలు వచ్చాయి, నుంచునేది ఒకటి, కూరలు తూచుకునేది ఒకటి. ఫోనులో రోజువారీ తిండి లెక్క మొదలుపెట్టింది. తిన్నది ఒక పక్క, నడకా పనీ నిద్రా కలిసి ఒళ్ళు ఖర్చుపెట్టింది ఇంకో పక్క, పడుకునేముందు చూసుకుంటే లోటు తేలాలి. లోటు తేలితే సంబరం. సుశీల పుట్టి బుద్ధెరిగి అలాంటి లెక్క వినలేదు. ఫోనుకి ఇడ్లీ తెలుసు గానీ మన గోంగూర పప్పు తెలియదు, చారు తెలియదు, అందుకని పిల్ల తనే పేర్లు పెట్టుకుంది, అమ్మ పప్పు, అమ్మ చారు, అమ్మ వేపుడు (నూనె ఎక్కువ). అన్నీ తెలుగక్షరాల్లోనే. ఆ పేర్లు మొదటిసారి చూసినప్పుడు సుశీల ఫోనుని గుండెలకి ఆనించుకుని ఎంతసేపు ఏడ్చిందో ఆవిడకే తెలియదు.

పైగా సుశీల చేసే ఉద్యోగం ఏంటి? పిల్లల్ని తూచడం. అడవిపొలంలో అంగన్‌వాడీ టీచరు, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. నెలనెలా ప్రతి పిల్లనీ ఉయ్యాల కాటాలో వేలాడదీసి, బరువు చూసి, చార్టు మీద చుక్క పెట్టి, పోయిన నెల చుక్కకీ ఈ నెల చుక్కకీ గీత కలుపుతుంది. గీత ఆకుపచ్చలో ఉంటే బంగారు తల్లి అని బుగ్గ గిల్లుతుంది, పసుపులోకి జారితే తల్లిని కూర్చోబెట్టి క్లాసు పీకుతుంది, ఎరుపయితే తనే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెడుతుంది. ఆ ఊళ్ళో ఎంతమంది పిల్లల్ని ఎరుపులోంచి లాగిందో చెప్పమంటే ఒక్కో పేరూ చెప్తుంది. మరి ఇంట్లో పిల్ల? ఇరవై మూడేళ్ళ పిల్లకి గీత గీసుకునే చార్టు ఆవిడకెవ్వరూ ఇవ్వలేదు. ముందు చెంపలు తగ్గాయి, అందం వచ్చింది అన్నారు అందరూ. తర్వాత మెడ కింద ఎముకలు లేచాయి. తర్వాత ఎండాకాలంలో కూడా చలేస్తోందని దుప్పటి కప్పుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు సుశీలకి భయం పట్టుకుంది. బతిమాలింది, తిట్టింది, నాలుగు రోజులు మాట్లాడ్డం మానేసింది. వినదే! మొండిఘటం. ఇక ఆవిడ చేతిలో ఉన్న విద్య ఒక్కటే. పసుపులోకి వచ్చిన పిల్లల తల్లులకి ఆవిడ రోజూ చెప్పే మాటే. అమ్మా, పిల్ల ఎక్కువ తినలేదు కదా, తినే ఆ రెండు ముద్దల్లోనే ఒక స్పూను నెయ్యి కలిపెయ్యండి, బలం దానంతటదే పడుతుంది. కలిపేసింది. పప్పులో, పప్పు ఎనిపేటప్పుడు, పైన తేలకుండా. చపాతీ పిండిలో. ఒక స్పూనుతో మొదలుపెట్టి రెండు చేసింది. కూతురు గ్రాములు తూచుకుంటుంటే పక్కన నిలబడి చూస్తూ, తూచుకోవే తూచుకో, నీ కాటా తెలివి ఎంతో నా చెయ్యి తెలివి ఎంతో చూద్దాం అని లోపల్లోపల మురిసిపోయేది. దేవుడా, ఎంత మురిసిపోయిందో.

కాటా కూడా మామూలుది కాదని ఆవిడకేం తెలుసు? కాళ్ళలోంచి కనపడనంత కరెంటు పంపుతుందిట, అది ఒళ్ళంతా తిరిగొచ్చి కొవ్వెంత ఉందో చెప్తుందిట. మొగుడు సుందరరావు చెప్పాడు ఆ సంగతి. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేస్తాడు, సంఘంలో పెద్ద. కరెంటు నీళ్ళలోంచి బాగా పోతుందే, కొవ్వులోంచి పోదు, అందుకని ఆగిపోయిన మేరకి కొవ్వు అని లెక్కేసుకుంటుంది అన్నాడు, తన కరెంటు పోళ్ళ గురించి చెప్పినట్టే. ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి రాదు. పెళ్ళైన కొత్తలో కూర ఎలా ఉందండీ అని మురిపెంగా అడిగితే, ఉప్పెక్కువైంది, పులుపు చాల్లేదు అని రెండు ముక్కల్లో తేల్చేసిన మనిషి. మే నెలలో కాటా మీద అంకె దిగడం మానేసింది. శాంతి రోజూ పొద్దున్నే ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, నుదురు ముడుచుకోవడం. తిన్నది ఇంతే, నడిచింది ఇంత, తగ్గాలి కదా, ఎందుకు తగ్గదు? లెక్క ఎక్కడ తప్పుతోంది? మే ఆరున ఆ పిల్లకి దొరికిపోయింది. డైరీలో ఆ రోజే మొదటిసారి ఆ వరస కనపడుతుంది, అమ్మ నెయ్యి ఒక స్పూను. మర్నాడు ఒకటిన్నర. తర్వాత రెండు, ఇక అక్కణ్ణుంచి రోజూ రెండు. ఎలా కనిపెట్టిందో, వేళ్ళ జిడ్డు చూసిందో, వాసన చూసిందో. ఒక్క మాట అనలేదు. అమ్మా, ఎందుకేశావు అని ఒక్కసారి అరిచి ఉంటే, గిన్నె విసిరికొట్టి ఉంటే! ఏమీ లేదు. పప్పు వేసుకుంది, తింది, తిన్నాక గదిలోకి వెళ్ళి నెయ్యి రాసుకుంది, ఆ నెయ్యికి సరిపడా అన్నం మర్నాడు తీసేసింది. తల్లి వేస్తోంది, కూతురు తీస్తోంది. ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకే వంటింట్లో, ఒకే పప్పు గిన్నె మీద.

అయినా అక్కడితో ఆగినా బాగుండేది అనుకుంటుంది సుశీల ఇప్పుడు. నెయ్యి వేసినందుకు కాదు ఆవిడకి నిద్ర పట్టనిది. మానేసినందుకు. జూలైలో చర్చిలో మూడు రోజుల ఉపవాస కూడికలు పెట్టారు. మూడో రోజు పాస్టరు గారు తూకాల గురించి చెప్పారు, దొంగ తూకం వేసేవాళ్ళంటే దేవుడికి ఎంత అసహ్యమో. ఆయన చెప్పింది రేవులో చేపలమ్మే వాళ్ళకి, సంతలో కాయగూరలమ్మే వాళ్ళకి. అందరూ వాళ్ళ వైపే చూసి నవ్వుకున్నారు కూడా. సుశీలకి మాత్రం ఆ మాట తిన్నగా వచ్చి గుండెలో దిగింది. దొంగ తూకం వేస్తున్నది నేనే కదా తండ్రీ అనుకుంది. రోజూ కన్నకూతురి కళ్ళు కప్పి, నవ్వుకుంటూ మరీ. అబద్ధం ఉన్న ఇంట్లో ఇక ప్రార్థన ఎలా పనిచేస్తుంది, పిల్ల ఎలా బాగుపడుతుంది? మోకాళ్ళ మీద పడి ఏడ్చి ఒప్పుకుంది. ఇక వెయ్యను ప్రభువా, నువ్వే చూసుకో, పిల్లని నీ చేతిలో పెడుతున్నా అంది. ఆ సాయంత్రం నుంచి వెయ్యలేదు. దేవుడికి చెప్పింది. పిల్లకి చెప్పలేదు. చెప్పాలని తట్టనేలేదు, ఎందుకు తడుతుంది, పిల్లకి తెలుసని తనకి తెలిస్తే కదా! ఇంటికొచ్చి, మనసు తేలికపడిందండీ అని మొగుడితో అంది. కంటినిండా పడుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, ఆ రోజు పడుకున్న నిద్ర తలుచుకుంటే.

పద్దెనిమిది రోజులు. ఉపవాస కూడికల ఆఖరి రోజుకీ, శాంతి పడిపోయిన రోజుకీ మధ్య పద్దెనిమిది రోజులు. ఆ రోజు ఒంట్లో బాగోలేదని పొద్దున్న సెలవు పెట్టి, పదకొండింటికి మళ్ళీ మనసు మార్చుకుని ఆఫీసుకని బయల్దేరింది. బస్టాపు దగ్గర ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న ఈ ఊరి ఎర్రటోపీ పోలీసాయన పట్టుకున్నాడట పడకుండా, తర్వాత ఆయనే చెప్పాడు, ఏం బరువులేదమ్మా, చంటిపిల్లలా ఉంది అని. మంచికే చెప్పాడు పాపం. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒంట్లో ఉప్పులు పడిపోయాయి, గుండె లయ తప్పింది అంది. సుశీల అప్పుడు అర్థంకాక, ఉప్పా, పప్పులో ఉప్పు బాగానే వేశానే అనుకుంది. అంత గాభరాలో అది అనుకోవడం గుర్తుంది. ఫోను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చారు. నాలుగు నెలలు బీరువాలో ఉంది. తర్వాత ఒకరోజు, డిసెంబరు మొదట్లో, లాకుకి వాళ్ళ నాన్న పుట్టిన సంవత్సరం కొట్టి చూస్తే తెరుచుకుంది. తెరుచుకోకపోయినా బాగుండేది. ఆ పద్దెనిమిది రోజుల పేజీలూ చదివింది. ప్రతి పేజీలో అమ్మ నెయ్యి రెండు స్పూన్లు. లేని నెయ్యి. వెయ్యని నెయ్యి. రోజూ ఆ లేని నెయ్యికి సరిపడా ఉన్న అన్నం తీసేసుకుంది పిల్ల, అమ్మ ఎలాగూ వేస్తుందన్న నమ్మకంతో. అమ్మ మీద నమ్మకంతోనే. పేజీ పేజీకి అన్నం గ్రాములు ఎలా దిగాయో సుశీలకి నోటికొచ్చు. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మొగుడికీ, పాస్టరు గారికీ, ఆఖరికి దేవుడికి కూడా. దేవుడికి ఒకసారి చెప్పుకున్నందుకే ఇంత జరిగింది.

ఆ పేజీలు చదివిన మర్నాటి నుంచే డైరీ ప్రకారం తినడం మొదలుపెట్టింది. ఎందుకు అంటే ఏం చెప్తుంది? పిల్ల ఏ రోజు ఎంత ఆకలితో ఉందో తన కడుపుకీ తెలియాలి, అంతే. ఏ రోజు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపి ఉండొచ్చో తెలియాలి. పొద్దున్నే శాంతి కాటా కూడా తను ఎక్కేది. మొదట్లో ఫోను ఎవరో కొత్తవాళ్ళు అని రాసేది. జూన్‌లో ఒక పొద్దున్న, జాకెట్లకి పిన్నీసులు పెట్టుకునే దాకా వచ్చాక, కాటా దిగి చూస్తే ఫోను శాంతి అని రాసింది. శాంతి, ఇరవై నాలుగేళ్ళు. బరువుని బట్టి మనిషెవరో తనే పోల్చుకుంటుందట ఆ కాటా. పుట్టినతేదీ దాని దగ్గరుంది గనక వయసు కూడా ఒకటి పెంచుకుంది, ఇరవై మూడు దగ్గర ఆగిపోయిన పిల్లకి. పోయిన ఏడాది ఆగిపోయిన గీత చివర కొత్త చుక్క పడింది. నీరింత, ఎముకింత, కండింత, కొవ్వింత, అన్నీ శాంతివే. సుశీల మళ్ళీ ఎక్కింది, మళ్ళీ శాంతే. చెప్పుకోకూడదు గానీ, ఏడాది మొత్తంలో ఆవిడకి సంతోషం కలిగింది ఆ ఒక్క పొద్దున్నే. పంతొమ్మిదేళ్ళు పిల్లల గీతలు గీసిన చెయ్యి కదా, గీత ఆగకుండా సాగితే పిల్ల ఉన్నట్టే దానికి. అప్పట్నుంచి రోజూ ఆ గీతని సాగదీస్తోంది. పక్కింటి ఫిలోమినా గోడ మీంచి చూసి, ఏంటి సుశీలమ్మా, అలా పుల్లలా అయిపోయావేంటమ్మా, షుగరు చూపించుకున్నావా, అంటుంది. సుందరరావు పరీక్షలన్నీ చేయించాడు, ఏ జబ్బూ లేదన్నారు, తినాలి అన్నారు. తింటూనే ఉన్నానుగా అంది. ఆయన పక్కన కూర్చుని కంచం వైపు చూస్తాడు, కూతురి కంచం వైపు చూసినట్టే, ఇంకో ముద్ద అంటాడు, అది లెక్కలో లేదు గనక ఆవిడ లేచిపోతుంది. ఈమధ్య మెట్లెక్కితే కళ్ళ ముందు మసక. దువ్వెన నిండా జుట్టు. సెంటరులో ఒక పిల్లని కాటాలోకి ఎత్తబోతే చేతులు రాలేదు, పిల్ల జారబోయింది, ఆయా వచ్చి పట్టుకుంది.

మూడో పాట. అంటే దీని తర్వాత ప్రార్థన, తర్వాత సాక్ష్యం. చీర కట్టుకోవాలి. గుండె అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పి మళ్ళీ అందుకుంటోంది, రెండు రోజులుగా అంతే, శాంతికి కూడా అలాగే ఉండేదేమో, చెప్పలేదు. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. రేపటి పేజీ ఇంకోసారి తీసి చూసింది. తెల్లగా ఉంది. ఎల్లుండిదీ అంతే. ఎన్ని జరిపినా అంతే. ఖాళీగా ఉందంటే ఏంటి అర్థం? ఏదైనా తినొచ్చని కాదు. ఖాళీ అంటే ఖాళీ, ఏమీ తినకూడదని. ఆ మాట లోపల స్థిరపడగానే సుశీలకి ఏడాదిగా లేనంత నెమ్మది వచ్చింది, మధ్యాహ్నం అన్నం గొడవ కూడా తీరిపోయింది, పిల్ల తిననిది తను మాత్రం ఎలా తింటుంది, ఆఖరి టీ తాగేసింది, అంతే, ఇక అయిపోయింది. ఎంతో కాలం పట్టదు కూడా. బిర్యానీ వాసన మాత్రం వదలడంలేదు, మూత తీసినట్టున్నారు, కడుపు ఒక్కసారి లోపలికి ముడుచుకుని గుర్రుమంది. నోరుముయ్యి, అంది కడుపుతో, పైకే. తలుపు మీద చప్పుడైంది.

"సుశీలా. తలుపు తియ్యి. పాస్టరు గారు అడుగుతున్నారు."

లేచి గడియ తీసింది. సుందరరావు వాన తుంపరలో తడిసిన తెల్లచొక్కాతో నిలబడ్డాడు. ఆవిణ్ణీ, మంచం మీద మడత విప్పని చీరనీ చూశాడు.

"ఇంకా ఇలాగే ఉన్నావేంటే? అందరూ వచ్చేశారు."

"నేను సాక్ష్యం చెప్పలేనండి. మీకు ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడా? సరే, గమ్మున చెప్పు."

"నేను దాని పప్పులో నెయ్యి వేసేదాన్ని. దొంగతనంగా."

"తెలుసు," అన్నాడు సుందరరావు. "మంచినీళ్ళకొచ్చినప్పుడు ఓసారి చూశాను. మంచి పనే చేస్తున్నావనుకున్నాను."

"దానిక్కూడా తెలుసండి. రాసుకుంది. రోజూ రాసుకుంది." ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది. ఆయనకి కళ్ళజోడు లేకుండా ఆ అక్షరాలు కనపడవు, అందుకని తనే చదివింది, వేలు పెట్టి ఒక్కో పేజీ జరుపుతూ. "ఉపవాస కూడికలప్పుడు నేను మానేశాను. దేవుడికి మాటిచ్చి మానేశాను. దానికి చెప్పలేదు. అది నెయ్యి ఉందనుకుని రాసుకుంది, చూడండి, రెండు స్పూన్లు, ఇదిగో మళ్ళీ రెండు, ఇదిగో. ఉందనుకుని అన్నం తీసేసింది. పద్దెనిమిది రోజులండి. దాన్ని నేనే చంపుకున్నాను. మీ బిడ్డని నేనే చంపేశాను."

సుందరరావు మంచం మీద కూలబడ్డాడు, చీర మీదే. బయట పాట ఆగింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు, మైకు ఒక్కసారి కీచుమని ఊరుకుంది. ఆయన ఏదో ఒకటి అంటాడని, కొట్టినా పడదామని సుశీల గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు కరెంటు తీగలు పట్టుకున్న చేతులు.

"మానలేదు," అన్నాడు.

"ఏంటండి?"

"నెయ్యి మానలేదే. నువ్వు మానేశావని నాకు తెలిసింది. నేను వేసేవాణ్ణి." ఆయన సుశీల వైపు చూడలేదు, గోడ మీద స్విచ్‌బోర్డు వైపు చూస్తున్నాడు. "నువ్వు స్నానానికెళ్ళినప్పుడు. పప్పు గిన్నెలో రెండు స్పూన్లు వేసి కలిపేసేవాణ్ణి. రోజూ వేశాను. దాని లెక్క కరెక్టే. నువ్వేం చెయ్యలేదు."

"ఏ నెయ్యండి?"

"మనింట్లోదే. అలమార్లో ఉంటుంది కదా సీసా, అదే."

ఆ పద్దెనిమిది రోజులూ ఇంట్లో నెయ్యి బొట్టు లేదు. కూడికల నుంచి వచ్చిన సాయంత్రమే, మళ్ళీ చెయ్యి వెళుతుందేమోనని భయపడి, ఉన్న సీసా ఉన్నట్టు గోడ మీంచి ఫిలోమినాకి ఇచ్చేసింది. ఈయనకి ఆ సంగతి తెలియదు. కూర బాగుందని ఒక్క అబద్ధం ఆడటం చేతకాని మనిషి, బయట దేవుడికి ప్రార్థన జరుగుతూ ఉండగా, ఏ కళ్ళతో చూడాలో తెలియక స్విచ్‌బోర్డు వైపు చూస్తూ, ఇంత పెద్ద అబద్ధం ఆవిడ కోసం తెచ్చి పెట్టాడు. ఎంత ఘోరంగా ఆడుతున్నాడో. చెవులు ఎర్రగా అయిపోయాయి. నుదుటి మీద చెమట. లేదండీ, సీసా లేదు అని ఒక్క మాటంటే కూలిపోతాడు. శాంతి కూడా ఇలాగే తెలిసీ ఒక్క మాటా అనలేదు. కంచంలో ఏం పడుతోందో తెలుసు, ఎవరు వేస్తున్నారో తెలుసు, నోరు మూసుకుని తింది పిచ్చితల్లి. తింది, కానీ మర్నాడు తీసేసుకుంది.

సుశీల ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. నిజమేనా అని అడగలేదు. అవునా అండీ, అంది, అంతే. ఆయన తలూపాడు, గట్టిగా, రెండు సార్లు. ప్రభువా, అనుకుంది సుశీల, ఏడాది తర్వాత మొదటిసారి. ఈయన రేపో మాపో నీ దగ్గరికొచ్చి మోకాళ్ళూనుతాడు. నాకు తెలుసు, ఒక్క అబద్ధం కూడా కడుపులో దాచుకోలేడు. వస్తే వినకు. ఈ ఒక్కదానికీ ఈయన్ని పశ్చాత్తాపపడనివ్వకు.

"ఏవండీ," అంది.

"ఊఁ."

"ఆకలేస్తందండి."

సుందరరావు ఒక్క క్షణం అర్థంకానట్టు చూశాడు. తర్వాత లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా, కళ్ళు మూసుకుని తలలు వంచుకున్న జనం మధ్యలోంచి, పాస్టరు గారి ప్రార్థన ఇంకా సాగుతుండగానే, వానలో వంటల దగ్గరికి పరుగెత్తాడు.